చిన్న హోమ్‌స్టే, రిసార్ట్ నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్నలు: అతిథి మర్యాద, మన చోటికో గుర్తింపు

అరకు, లంబసింగి, కోనసీమ వైపు రెండు గదుల నుంచి పన్నెండు గదుల దాకా నడుపుతున్నవాళ్లు, కొత్తగా పెట్టబోయేవాళ్లు మళ్లీమళ్లీ అడుగుతున్న సందేహాలివి. మీ పని ఏ దశలో ఉందో ఆ భాగానికి నేరుగా వెళ్లండి. ఏ జవాబు దానికదే చదువుకునేలా రాశాం.

## మొదలుపెట్టకముందు

మాది నాలుగు గదుల ఇల్లండీ. దీనికి కూడా బ్రాండ్ అంటూ ఒకటి కావాలా?

కావాలి. అయితే లోగోతో మొదలుపెట్టకండి. మీ దగ్గర రెండు రోజులుండి వెళ్లినాయన పక్కింటివాళ్లకు మీ చోటు గురించి చెప్పే మొదటి మాటే మీ బ్రాండ్. "పెరట్లోనే గింజలు వేయించి, మా ముందే పొడి కొట్టి కాఫీ ఇచ్చారు" అని చెబితే మీకో గుర్తింపు ఉన్నట్టు. "బాగుంది, నీట్‌గా ఉంది" అంటే మాత్రం మీకూ పక్క వీధి లాడ్జికీ తేడా లేదు. అప్పుడు పోటీ అంతా రేటు మీదికే వస్తుంది, ఆ పోటీలో చిన్నవాళ్లు నిలవలేరు.

ఆ మాటేదో ముందు మీరే కాగితం మీద రాయండి. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. గదులన్నీ నిండిన శనివారం నాడు అది చేయగలమా? వంటాయన సెలవు పెట్టిన రోజు? జడివాన కురిసే రోజు? మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే ఆ మాటను బోర్డెక్కించండి. ఒక్కదానికి కాదన్నా, ఇంకా చిన్న మాట వెతుక్కోండి. రోజూ జరిగే చిన్న పనికి ఉన్న విలువ అప్పుడప్పుడు జరిగే పెద్ద హంగుకు రాదు.

అరకులో స్థలం కొని కాటేజీలు కడదామనుకుంటున్నాం. ముందు చూడాల్సిందేమిటి?

మీరు గిరిజనేతరులైతే అక్కడే ఆగాలి. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక నిబంధనలున్న ప్రాంతం. జనం 1/70 చట్టమని పిలిచే భూబదలాయింపు నిబంధనల ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. ఆ నిబంధనల్లో బదిలీ అంటే అమ్మకమొక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం కూడా అందులోకే వస్తాయి. గిరిజనుల పేరు మీద పెట్టి మనం నడుపుకుందామన్న బినామీ ఏర్పాటు రేపు కోర్టులో నిలవదు, పెట్టిన డబ్బు తిరిగిరాదు. "అందరూ చేస్తున్నారు కదా" అనే బ్రోకరు మాట నమ్మకండి.

న్యాయమైన దారి ఒకటుంది. స్థలం, ఇల్లు గిరిజన కుటుంబానివే. నడిపేదీ వాళ్లే. మీరు బుకింగులు, ఫొటోలు, పనివాళ్ల శిక్షణ చూసిపెట్టి, దానికి ముందే అనుకున్న రుసుము తీసుకోవచ్చు. ఒప్పందం రాసేముందు పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలోనూ, ఈ చట్టం తెలిసిన వకీలు దగ్గరా అడగండి. అతిథికి కూడా ఆ ఇంటివాళ్లు స్వయంగా నడిపే చోటే నిజమైన అరకు.

ఏమేం అనుమతులు కావాలి?

పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, రాష్ట్ర పర్యాటక శాఖలో నమోదు, వండిపెడితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నమోదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వంటింట్లో దాచకుండా అందరికీ కనిపించేలా పెట్టాలి. సొంతింట్లో ఉంటూ గదులిచ్చేవారికి కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఉంది. ఒకటి నుంచి ఆరు గదుల వరకు, మొత్తం 12 పడకలకు మించకుండా ఉండాలి. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులిస్తారు.

జీఎస్టీ విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి 5 శాతం (ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద మీరు కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు, ఉండదు), ఆపైన 18 శాతం. మీ రాబడికి నమోదు అవసరమా కాదా అన్నది ఆడిటర్‌తో తేల్చుకోండి.

ఎక్కువమంది మరిచేది ఇంకోటుంది. విదేశీ పాస్‌పోర్టుతో ఎవరు దిగినా 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. డాలస్ నుంచి వచ్చిన మన మేనమామ కొడుకైనా, పాస్‌పోర్టు అమెరికాదైతే ఇది తప్పదు.

లంబసింగిలో డిసెంబరు, జనవరిలో జనం ఎగబడతారు. అప్పుడు రేటు పెంచితే పేరు చెడుతుందా?

పెంచడం వల్ల చెడదు. చెప్పకుండా పెంచితే చెడుతుంది. మామూలు రోజులు, వారాంతాలు, పండుగ రోజులు అని మూడే మూడు రేట్లు పెట్టి, తేదీలతో సహా ఏడాది ముందే రాసిపెట్టండి. ఫోన్ చేసిన మనిషి గొంతునుబట్టి, కారునుబట్టి రేటు చెప్పకండి. భోజనాల దగ్గర అతిథులు ఒకరినొకరు అడుగుతారు. అడ్వాన్సు తీసుకున్నాక ఎక్కువిచ్చేవాళ్లు దొరికారని పాత బుకింగ్ రద్దు చేయడం అన్నింటికంటే చేటు. ఆ కుటుంబం మంచు చూడాలని పిల్లలతో సెలవులు సర్దుకుని బయల్దేరి ఉంటుంది.

## పేరు, బోర్డు, రూపం

పేరులో ఊరి పేరు పెట్టుకోవచ్చా? ఇంకెవరూ వాడకుండా చేసుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ ఊరి పేరు మీద, "హిల్ వ్యూ", "గ్రీన్ వ్యాలీ" లాంటి వర్ణన మాటల మీద హక్కు దొరకడం కష్టం. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం అలాంటివాటిని మామూలుగా ఒప్పుకోదు. మీదంటూ ఒక ప్రత్యేకమైన మాట, దాని పక్కన ఊరి పేరు ఉంటే మేలు. ట్రేడ్ మార్క్ నమోదులో బస, భోజన సేవలు 43వ తరగతి కిందికి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తుకు ముందు ట్రేడ్ మార్క్స్ వెబ్‌సైట్‌లో అదే పేరు ఇంకెవరికైనా ఉందేమో ఉచితంగానే వెతకొచ్చు.

చట్టం సంగతి అటుంచి, ఫోన్ పరీక్ష పెట్టండి. మీ పేరును ఒక్కసారి ఫోన్లో చెబితే అవతలి మనిషి తప్పులేకుండా టైపు చేసి మ్యాప్‌లో పట్టుకోగలగాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాసే పేరైతే దారి తప్పేవాళ్లు ఎక్కువవుతారు. ఒక స్పెల్లింగ్ ఖాయం చేసి బోర్డు, బిల్లు, మ్యాప్, బుకింగ్ యాప్ అన్నిచోట్లా అదే ఉంచండి.

బోర్డు పెద్దదే పెట్టించాం. అయినా కార్లు దాటిపోతున్నాయి. ఎందుకు?

బోర్డు సైజు కాదు, అక్షరం ఎత్తు లెక్క. అంగుళం ఎత్తున్న అక్షరం పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని ఒక మోటు లెక్క. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. చదివి, బ్రేకు వేసి, తిప్పుకోవడానికి ఐదు సెకన్లు కావాలంటే బోర్డు 55 మీటర్ల నుంచి, అంటే 180 అడుగుల నుంచి కనబడాలి. అక్షరం 18 అంగుళాలుండాలి. అంత పెద్దది పెట్టలేకపోతే మలుపుకు 200 మీటర్ల ముందే బాణం గుర్తుతో ఇంకో బోర్డు పెట్టండి.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఒత్తులు, గుడులు కలిపి అక్షరం కిందికీ పైకీ సాగుతుంది. ఇంగ్లిష్ బోర్డు కొలతల్లోనే తెలుగును ఇరికిస్తే పెయింటరు అక్షరాన్ని అణిచేస్తాడు, ఒత్తులు ముద్దవుతాయి. తెలుగు పంక్తికి ఎత్తు సగం ఎక్కువే కేటాయించండి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న వంటి ఖతులు (ఫాంట్లు) వ్యాపారానికి కూడా ఉచితం. రోడ్డు బోర్డుకు రామభద్ర లాంటి లావుపాటిది, మెనూకు మండలి లాంటి తేటైనది తీసుకుంటే చాలు. రెండు ఖతులకు మించి వాడకండి.

గోడల మీద ఆదివాసీ బొమ్మలు వేయిద్దామనుకుంటున్నాం. బాగుంటుందా?

ఎవరి బొమ్మలో తెలుసుకుని వేయించండి. హోటళ్లలో తరచూ కనిపించే కర్రమనుషుల తెల్లబొమ్మలు వర్లి చిత్రాలు. అవి మహారాష్ట్రవి, మన మన్యానివి కావు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు సవర గిరిజనుల గోడబొమ్మలైతే దేవతల కోసం, పూజలో భాగంగా వేసేవి. వాటిని బాత్రూమ్ తలుపు మీదో, బారు గోడ మీదో వేయించడం వాళ్ల మనసు నొప్పించడమే. వేసేవారినే పిలిచి ఏది ఎక్కడ వేయొచ్చో అడగండి, కూలి కాకుండా కళకు డబ్బివ్వండి, వారి అనుమతితో పక్కన పేరు రాయండి.

బొమ్మల కంటే చేతికి తగిలే వస్తువులు ఎక్కువ గుర్తుంటాయని మా నమ్మకం. ఏటికొప్పాక లక్కపని తాళం గుత్తి ఒకటి చాలు; అంకుడు కర్ర తేలిక, చెట్ల రంగులు కంటికి హాయి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఆ పనితనం ఉన్న పళ్లెంలో వేడి గ్లాసు పెట్టకూడదు. పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబులు వాడితే మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగా వేయండి. తెల్ల దుప్పట్లతో కలిపారంటే అన్నీ గులాబీ రంగెక్కుతాయి.

## గదులు

తెల్ల దుప్పట్లు మూడు నెలలకే పసుపెక్కుతున్నాయి. ఎంత బ్లీచింగ్ వేసినా పోవడం లేదు.

బ్లీచింగే పసుపెక్కిస్తోంది. బోరు నీళ్లలో ఇనుము ఉంటే క్లోరిన్ దాన్ని తుప్పుగా మార్చి దారంలో కూర్చోబెడుతుంది. ఎంత వేస్తే అంత ముదురుతుంది. బోరు నీళ్లను తెల్ల బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి అడుగున ఎర్రటి మడ్డి కనిపిస్తే ఇనుమున్నట్టే. ఉతికే నీళ్లకు ఇనుము తొలగించే ఫిల్టర్ పెట్టించండి, క్లోరిన్ బ్లీచ్ మానేసి ఆక్సిజన్ బ్లీచ్ వాడండి. పట్టేసిన మరకలకు తుప్పు తొలగించే ద్రావణమో నిమ్మ ఉప్పో పనిచేస్తుంది. అయితే ఇవి ఆమ్లాలు, క్లోరిన్ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఈ మాట దోబీ గది గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

దిండు మీద మరకలు వేరు. అవి తలనూనెవి. ఉతికేముందు గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసి పది నిమిషాలు ఉంచాలి.

మంచానికి మూడు జతలుండాలి: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. వానాకాలంలో ఆరేచోటు లేని మన్యంలో నాలుగో జత పెట్టుకోండి. తువ్వాళ్లు 450 నుంచి 550 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) చాలు. అంతకంటే మందమైనవి ఆ తేమకు ఆరక ముక్కవాసన వస్తాయి. తువ్వాళ్లకు కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వాడకండి, నీళ్లు పీల్చడం మానేస్తాయి.

చలికాలంలో వేడినీళ్లు చాలడం లేదని అందరూ ఫిర్యాదు చేస్తున్నారు. గీజరు పెద్దదే కదా?

లెక్క చూడండి. కుళాయి నీళ్లు 15 డిగ్రీలుంటే, 60 డిగ్రీలకు కాగిన 25 లీటర్ల గీజరు 40 డిగ్రీల స్నానపు నీళ్లు సుమారు 45 లీటర్లే ఇస్తుంది. అంటే రెండు బకెట్లు. 15 లీటర్ల గీజరైతే ఒక బకెట్టు, కాస్త పైన. మళ్లీ కాగడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కు 40 నిమిషాలు పడుతుంది. నలుగురున్న కుటుంబం పొద్దున్నే సూర్యోదయం చూడ్డానికి బయల్దేరాలంటే మూడోవాళ్లు చన్నీళ్లకు దొరికిపోతారు.

ఆరు గదుల గీజర్లు ఒకేసారి వేస్తే 12 కిలోవాట్ల లోడు. మీ కనెక్షన్ అంత తట్టుకోదేమో. అందుకే వెనక పెరట్లో ఒక కట్టెల బాయిలరో, రాగి కాగో పెట్టి నాలుగున్నరకల్లా పొయ్యి ముట్టించడం మంచి ఏర్పాటు. గదికో బకెట్టు పొగలు కక్కే నీళ్లు తలుపు దగ్గర పెడితే, ఫిర్యాదు పోయి అదే జ్ఞాపకంగా మిగులుతుంది. పిల్లలుంటే వేడినీళ్లు కాస్త చల్లార్చి ఇవ్వాలని పనివాళ్లకు చెప్పండి.

షవర్ పెట్టించాక బకెట్, మగ్గు తీసేయొచ్చా?

తీయకండి. మనవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా పెద్దవాళ్లకు, మగ్గుతో పోసుకుంటేనే స్నానం చేసినట్టు. 20 లీటర్ల బకెట్, మగ్గు, కూర్చోవడానికి జారని పీట పెట్టండి. గోడకు గట్టి స్టీలు పిడి బిగించండి. నేల టైల్సు గరుకువి వేయించండి. రాత్రిళ్లు మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న పసుపు దీపం వెలగాలి.

గదిలో నియమాల బోర్డు పెట్టాలా?

పెట్టండి. కానీ మాట తీరు చూసుకోండి. "రాత్రి 10 తర్వాత శబ్దం చేయరాదు. ఉల్లంఘిస్తే జరిమానా" అన్నది పోలీస్ స్టేషన్ గోడ మీది మాట. "పక్క గదుల్లో చంటిపిల్లలుంటారు. పదయ్యాక మాటలు కాస్త మెల్లగా" అంటే ఎవరైనా వింటారు. ఐదు పంక్తులకు మించకూడదు. ప్రతి "వద్దు"కూ కారణం ఒక్క ముక్కలో చెప్పండి. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. ఆ గొంతే వాట్సాప్ సందేశాల్లో, మెనూలో, బిల్లు కింద కూడా వినిపించాలి.

## బుకింగ్ నుంచి గుమ్మం దాకా

మ్యాప్ పంపినా అతిథులు దారి తప్పి పదిసార్లు ఫోన్ చేస్తున్నారు.

చివరి మూడు కిలోమీటర్లలో సిగ్నల్ పోతుంది, అక్కడే తప్పుతారు. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఒక్క సందేశం పంపండి. అందులో ఉండాల్సినవి: మ్యాప్ పిన్, చివరి రెండు మలుపుల ఫొటోలు (కారు నడిపేవారి వైపు నుంచి తీసినవి), "రామాలయం దాటాక ఎడమకు, చింతచెట్టు దగ్గర మట్టిరోడ్డు" లాంటి గుర్తులు, సిగ్నల్ ఎక్కడ పోతుందో, చివరి పెట్రోల్ బంకు, ఏటీఎం ఎక్కడో, చిన్న కారు వస్తుందో రాదో, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో. మ్యాప్ దగ్గరి దారంటూ ఘాట్‌లో అడ్డదారి చూపిస్తుంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. ఫొటోలను వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి మార్చాలి. తుప్పలు పెరిగాక ఆ మలుపు గుర్తుపట్టలేరు.

రైలు దిగి పొద్దున్నే వచ్చేస్తారు. చెకిన్ పన్నెండుకి. బయట కూర్చోబెట్టాలా?

గది ఖాళీ లేకపోవచ్చు, ఆదరణకు లోటుండక్కర్లేదు. విడిగా ఒక బాత్రూమ్, సామాను పెట్టి తాళం వేసే అల్మారా, నడుం వాల్చడానికి రెండు నవారు మంచాలు ఏర్పాటు చేయండి. టిఫిన్ డబ్బుకే పెట్టినా ఎవరూ ఏమనుకోరు. గది ఎన్నింటికి వస్తుందో వచ్చిన వెంటనే చెప్పండి, చెప్పిన దానికి పావుగంట ముందే ఇవ్వండి. "పదినిమిషాలు" అంటూ గంటసేపు జరపడం కంటే, "గంటన్నర పడుతుందండీ, ఈలోపు స్నానం చేసి తినండి" అనడం ఎంతో మేలు.

వచ్చినవాళ్లకు దండలు వేసి, బొట్టు పెట్టి, డప్పు వాయించి స్వాగతం చెబితే బాగుంటుందా?

నాలుగు గంటలు ఘాట్ రోడ్డులో వచ్చినవాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, ముందు కావాల్సింది బాత్రూమ్. తర్వాత నీళ్లు, కూర్చోవడానికి చోటు. ఘాట్‌లో కడుపు తిప్పిన వాళ్లుంటారు కాబట్టి ఉప్పు వేసిన నిమ్మరసమో, అల్లం మజ్జిగో ఇవ్వండి. తియ్యటి షర్బత్ వద్దు. కాళ్లు కడుక్కోవడానికి గుమ్మం పక్కన నీళ్ల తొట్టి, చెంబు, ఆరిన తువ్వాలు పెడితే మన ఇళ్ల పాత మర్యాద అదే, దానికి ఖర్చూ లేదు. కాగితాల పని అంతా అయ్యాకే. ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ సరిపోతుందని మీరే చెప్పండి. జిరాక్సులు కౌంటర్ మీద వదిలేయకండి.

## తిండి

మెనూలో ఎన్ని వంటలు పెట్టాలి?

ఆరు గదులకు ఎనభై వంటల మెనూ పెడితే ఫ్రిజ్ నిండా పాత సరుకే ఉంటుంది. పూటకు ఒకే భోజనం పెట్టండి: అన్నం, పప్పు, రెండు కూరలు, పచ్చడి, చారు, పెరుగు, అడిగినవారికి ఒక మాంసం కూర. ఏ రోజు ఏం వండుతారో ముందురోజు రాత్రే చెప్పి, ఎంతమంది తింటారో లెక్క తీసుకోండి. పారేసేది తగ్గుతుంది, వంటాయన చేయి ఆ కొద్ది వంటల మీద కుదురుతుంది.

కాలాన్ని దాటి మాటివ్వకండి. పులస చేప గోదావరికి వరదనీరు వచ్చే వానాకాలంలోనే దొరుకుతుంది. సముద్రపు ఇలసను పులసని పెడితే కోనసీమ మనిషి మొదటి ముద్దలోనే పట్టేస్తాడు. పులస లేని నెలల్లో పనసపొట్టు కూరో, కొబ్బరి పాలతో ఏదైనా వంటకమో మీ గుర్తింపు కావచ్చు. బొంగులో చికెన్‌కు పచ్చి వెదురే వాడాలి. ఎండిన బొంగు నిప్పులకు మాంసం ఉడికేలోపే కాలిపోతుంది. నిప్పుల మీద దగ్గర దగ్గర గంట తిప్పుతూ ఉండాలి కాబట్టి మూడు గంటల ముందు ఆర్డర్ తీసుకోండి. హడావుడిగా తీస్తే ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. తీయబోయే ముందు మధ్య ముక్క ఒకటి చీల్చి చూడమనండి.

కోడి వండిన గరిటె కూరలో పెట్టారా అని శాకాహారులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

చెప్పడం కాదు, చూపించండి. మాంసానికి వేరే పొయ్యి, వేరే కత్తి, వేరే గిన్నెలు. గిన్నెల పిడికి ఎర్రదారమో, రంగు గీతో ఉంటే కొత్తగా చేరిన పనిమనిషి కూడా పొరబడదు. వడ్డించేటప్పుడు శాకాహారం ముందు రావాలి, మాంసం వడ్డించినవాళ్లు పప్పు గరిటె ముట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి తినని వారుంటారా అని బుకింగ్ రోజే అడిగేయండి.

"అరకు కాఫీ" అని బోర్డు పెట్టాం. కానీ అతిథులకు రుచి నచ్చడం లేదు.

ముందు పొడి ఎప్పటిదో చూడండి. వేయించి, పొడి చేసి నెలలు దాటిన కాఫీకి వాసన ఉండదు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు బోర్డు మీద రాసి లోపల ఇన్‌స్టంట్ పొడి కలపడం ఆ తోటల్లో పనిచేసేవారికి అన్యాయం. గింజలుగానే కొని, వారానికి సరిపడా మాత్రమే పొడి చేసి, గాలి చొరని డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే తేమ, వాసనలు పడతాయి.

రుచి నచ్చకపోవడానికి ఇంకో కారణం అలవాటు. మనవాళ్లు చికోరీ కలిపిన చిక్కటి ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డారు. చికోరీ లేని అరబికా వాళ్ల నాలుకకు పలచగా, పుల్లగా అనిపిస్తుంది. అందుకే రెండూ పెట్టండి. పాలతో తాగేవారికి వంద మిల్లీలీటర్ల డికాక్షన్‌కు 20 నుంచి 25 గ్రాముల పొడి వేసి, ఫిల్టర్‌లో తీరిగ్గా దిగనివ్వండి. డికాక్షన్‌ను మళ్లీ మరిగిస్తే చేదెక్కుతుంది, వేడిపాలే పోయాలి. పాలు లేకుండా తాగేవారికి 250 మిల్లీలీటర్లకు 15 గ్రాములు చాలు. ఈ తేడా ఏమిటో కప్పు అందిస్తూ రెండు మాటల్లో చెప్పించండి.

## బసలో ఉన్నప్పుడు

అరకు వైపు గిరిజనుల థింసా నాట్యం పెట్టించమని అడుగుతున్నారు. ఎలా ఏర్పాటు చేయాలి?

బృందంతో ముందుగా మాట్లాడి, మొత్తం ఎంతో, రాకపోకల ఖర్చు ఎవరిదో, భోజనం ఉందో లేదో తేల్చుకోండి. ఆట అయిన రోజే డబ్బు వాళ్ల చేతికివ్వండి. అతిథులు విసిరే చిల్లర మీద వదిలేయకండి. భోజనాలు, మందు బల్లల మధ్య ఆడించకండి. విడిగా మంట వేసి, చుట్టూ కూర్చునే చోటు చూపండి. మొదలుపెట్టేముందు ఆ ఊరి పెద్దావిడతోనే ఈ ఆట ఎప్పుడు ఆడతారో రెండు మాటలు చెప్పించండి. ఫొటోలకు వాళ్ల అనుమతి అడగాలి. వాళ్లు చేయి పట్టి పిలిస్తేనే అతిథులు కలవాలి, లాగకూడదు. వాళ్ల పంట పనులున్న రోజున "ఇవాళ లేదండీ" అని చెప్పడానికి వెనుకాడకండి.

మా పనివాళ్లకు ఇంగ్లిష్ రాదు, యూనిఫాం లేదు. అతిథులు తక్కువగా చూస్తారేమో?

గడగడా అప్పజెప్పే "వెల్‌కమ్ సర్" కంటే "రండి, దారిలో ఇబ్బంది పడలేదు కదా?" అన్న పలకరింపు నిండుగా ఉంటుంది. యూనిఫాం లేకున్నా ఉతికిన బట్టలు, కత్తిరించిన గోళ్లు, పేరు కనిపించే చిన్న బిళ్ల చాలు. వాళ్లకు కావాల్సింది అధికారం. ఐదొందల రూపాయల లోపు ఏ సమస్యనైనా మిమ్మల్ని అడక్కుండా సర్దేసే అనుమతి ఇవ్వండి: ఇంకో దుప్పటి, చల్లారిన భోజనం మార్చడం, మందుల షాపుకు ఆటో. రాత్రికి పుస్తకంలో రాస్తే సరిపోతుంది.

ఇంకో మాట. మంచి మనసుతోనే గంటకోసారి తలుపు కొట్టి "ఏమైనా కావాలా?" అని అడిగేవాళ్లుంటారు. అతిథికి అది ఊపిరాడనివ్వదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కనబడి అడిగితే చాలు. తలుపు గొళ్లెం మీద తువ్వాలు వేసి ఉంటే ఎవరూ కొట్టకూడదు.

## తప్పు జరిగినప్పుడు, వెళ్లేటప్పుడు

కరెంటు పోయి రాత్రంతా ఫ్యాన్లు తిరగలేదు. డబ్బు వెనక్కి ఇవ్వాలా?

డబ్బు గురించి తర్వాత ఆలోచించండి. మొదటి ఐదు నిమిషాల్లో ప్రతి గది దగ్గరికీ మనిషి వెళ్లాలి: ఛార్జింగ్ దీపం, తాగునీళ్లు, దోమతెర, విసనకర్ర. ఎప్పటికి వస్తుందో లైన్‌మన్‌ను కనుక్కుని చెప్పండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి. అతిథి అడిగేదాకా ఆగకుండా పొద్దున బిల్లులో మీరే తగ్గించండి. అడిగాక ఇచ్చిన వెయ్యి కంటే అడక్కముందే ఇచ్చిన మూడొందలు ఎక్కువ. ఇన్వర్టర్ మీద గదికి ఒక ఫ్యాను, ఒక లైటు, ఒక ఛార్జింగ్ ప్లగ్ మాత్రమే ఉంచితే రాత్రంతా నిలుస్తుంది. గీజరు, ఏసీ పొరపాటున కూడా ఆ లైనులో కలవకూడదు.

ఆన్‌లైన్‌లో ఒకాయన అన్యాయంగా ఒక్క స్టార్ ఇచ్చాడు. ఏం రాయాలి?

ఆ రోజే రాయకండి, రెండో రోజు దాటనివ్వకండి. ఆయనకు కాదు, రేపు చదవబోయే వందమందికి జవాబిస్తున్నట్టు రాయండి. నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగిందో ఒప్పుకోవడం, ఇబ్బందికి క్షమాపణ, ఏం మార్చారో తేదీతో సహా, ఫోన్ చేయమని కోరడం. ఆయన ఎవరితో వచ్చారు, ఏం తాగారు, ఎన్ని గంటలకు వచ్చారు లాంటివి బయటపెట్టకండి. నిజంగా మీ తప్పు లేకపోతే వాస్తవం ఒక్క వాక్యంలో చెప్పి ఆగండి. బంధువులతో ఐదు స్టార్లు వేయించి దాన్ని కిందికి తోసేద్దామనుకోవద్దు, ఆ భాష చదివితే తెలిసిపోతుంది.

బిల్లులో సర్వీస్ ఛార్జి కలపొచ్చా?

దానంతటదే కలపకూడదు. వినియోగదారుల రక్షణ కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పనివాళ్లకు ఇవ్వాలనుకునేవారి కోసం బయట ఒక డబ్బా పెట్టి, అది ఎవరెవరికి ఎలా పంచుతారో పక్కన రాయండి.

వెళ్లేటప్పుడు ఏం ఇస్తే మళ్లీ వస్తారు?

చివరి అరగంట తొందరలేకుండా గడిస్తే చాలు. బిల్లు ముందురోజు రాత్రే చూపించండి, పొద్దున లెక్కల గొడవ ఉండదు. దారిలోకి అరిటాకులో కట్టిన నాలుగు ఇడ్లీలో, పులిహోరో ఇవ్వండి. కొబ్బరి పచ్చడి ప్రయాణంలో పులిసిపోతుంది, కారప్పొడి, నెయ్యి పెట్టండి. కోనసీమలో ఉంటే ఆత్రేయపురం పూతరేకులు అట్టపెట్టెలో ఇవ్వండి, సంచిలో వేస్తే పొడిపొడి అవుతాయి. కారు అద్దం తుడిచి ఉంచడం ఎవరూ అడగరు, అందరూ గమనిస్తారు.

వాళ్లు వెళ్లాక అదే గంటలో నోటుపుస్తకంలో రెండు పంక్తులు రాయండి: కాఫీలో పంచదార వద్దన్నారు, తాతగారికి మెట్లు కష్టం, పాపకు కుక్కంటే భయం. మళ్లీ బుక్ చేసిన రోజున ఆ పేజీ తీసి గది ఎంచాలి. వాట్సాప్‌లో పండుగ శుభాకాంక్షల బొమ్మలు పంపేముందు మాత్రం నంబరు దాచుకోవచ్చా, సందేశాలు పంపొచ్చా అని వెళ్లేటప్పుడే అడగండి. ఏడాదికి రెండుసార్లు చాలు: పనసకాయ తెగినప్పుడు ఒకటి, కాఫీ పళ్లు ఎర్రబడ్డప్పుడు ఒకటి, ఆ రోజు మీరే తీసిన ఫొటోతో.